మద్ది బెరడు కషాయము – గుండె మాత్రలు



గత వర్షాకాలంలో సముద్రపు ఒడ్డు గ్రామం నుండి ఒక పెద్దాయనను కాళ్ళ వాపు, ఆయాసముతో మా వార్డుకు తీసుకువచ్చారు. నాలుగు రాత్రులుగా పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చుంటున్నారట. ఏ మాత్రలు వాడుతున్నారని అడిగితే ఇంటివారు మొహమొహాలు చూసుకున్నారు. మూడు వారాలుగా మాత్రలన్నీ ఆపి మద్ది బెరడు కషాయం త్రాగుతున్నారు. అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి, గుండెకు అంతకు మించినది లేదని ఎవరో చెప్పారట. ఆ మాటలో సగం నిజమే. అందుకే ఈ నెల ఈ పాఠము.

నూనె డబ్బా మూత తీసి ఉంచితే కొన్నాళ్ళకు ముక్క వాసన వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కొవ్వును పాడుచేస్తుంది గనుక. మన శరీరంలో కూడ ఆహారం ఖర్చయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే అణువులు పుడతాయి. వాటికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. దానిని ప్రక్క కణాల నుండి లాగుకొంటాయి. చెడు కొలెస్ట్రాల్ ఇలా పాడైతే రక్తనాళాల గోడలలో పేరుకొంటుంది. తన ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని శాంతింపజేసేదే యాంటీ ఆక్సిడెంట్.

చెట్టు పురుగును చూచి పారిపోలేదు. కాబట్టి బెరడులో టానిన్లు, ఫ్లేవనాయిడ్లు దాచుకొంటుంది. నోటికి తగిలే వగరు టానిన్లదే. నైలాను రాకముందు మన బెస్తవారు నూలు వలలకు బెరడు కాచిన రసం పట్టించేది కూడ ఈ గుణం కోసమే, వల కుళ్ళకుండా. తెల్లమద్ది బెరడులో గాలిక్ ఆమ్లం, ఎలాజిక్ ఆమ్లం, అర్జునోలిక్ ఆమ్లం ఉన్నాయి. ఆయుర్వేదంలో దీనిని పాలలో కాచి గుండె జబ్బులకు ఇవ్వడం చాలా పాత పద్ధతి.

పరీక్షలు ఏమన్నాయి? 2001లో వెలువడిన మన దేశపు అధ్యయనంలో 105 మంది గుండె రోగులను తీసుకున్నారు. నెలరోజులు బెరడు పొడి వాడినవారికి చెడు కొలెస్ట్రాల్ సుమారు 16 శాతం తగ్గింది. విటమిన్ ఇ వాడినవారికి తగ్గలేదు. అయితే 2016లో వెలువడిన మరొక పరీక్షలో, గుండె బలహీనపడిన 100 మందిలో 12 వారాల తరువాత కూడ గుండె పంపు చేసే శక్తి పెరగలేదు. వారెవరూ డాక్టరుగారి మాత్రలు ఆపలేదని గమనించండి. యాంటీ ఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోవడమూ పొరపాటే. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు మ్రింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. బెరడు కషాయాన్ని ఇనుప మూకుడులో కాయండి, నల్లగా మారుతుంది. టానిన్ ఇనుమును పట్టుకొంటుంది గనుక. కడుపులో కూడ ఇదే జరుగుతుంది. రక్తహీనత ఉన్న గర్భిణీ స్త్రీలు ఐరన్ మాత్ర వేసుకొని వెంటనే కషాయమో, టీయో త్రాగితే మాత్ర వృథా. (టీ విషయం మా నర్సింగ్ విద్యార్థినులకే ఏటా చెప్పవలసి వస్తున్నది!) గుండె వాల్వు మార్పించుకొని రక్తం గడ్డకట్టకుండా మాత్ర వాడేవారు, బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరుగారికి చెప్పకుండా ఏ బెరడూ మొదలుపెట్టవద్దు. చెబితే కోప్పడతారేమోనని దాచకండి. దాచినందువల్లనే ఆ పెద్దాయనకు తొమ్మిది రోజులు పట్టింది.

మొన్న పరీక్షకు వచ్చినప్పుడు ఆయన మాత్రల కవరుతో పాటు మిగిలిన బెరడు పొట్లం కూడ తెచ్చి మా బల్ల మీద పెట్టారు. తెల్లమద్ది బెరడు నునుపుగా, బూడిద రంగులో ఉంటుంది. ఇవి మొసలి చర్మంలా పగుళ్ళు ఉన్న ముక్కలు. ఏజెన్సీ నుండి వచ్చిన మా సిస్టరు చూడగానే నవ్వింది. అది నల్లమద్ది.