కాలితో నొక్కే స్విచ్

కుట్టు మిషన్ తొక్కే అక్కకు ఒక సంగతి బాగా తెలుసు. మిషన్ నడిచేటప్పుడు రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి. మరి మిషన్‌ను నడిపేది ఏది? కాలు. చేతులకు తీరిక లేనప్పుడు కాలు పని అందుకుంటుంది.

గిటారు వాయించేవాళ్ల సంగతీ అంతే. ఒక చేయి తీగలను అదిమి పడుతుంది. ఇంకో చేయి మీటుతుంది. పాట మధ్యలో ధ్వని మార్చాలంటే మూడో చేయి లేదు. అందుకే కాలితో నొక్కే చిన్న పెట్టెలు వచ్చాయి. వాటిని పెడల్ అంటారు.

పెడల్ ఏం చేస్తుంది?

గిటారు నుంచి ఒక వైరు పెడల్‌లోకి పోతుంది. పెడల్ నుంచి ఇంకో వైరు స్పీకర్ పెట్టెకు పోతుంది. మధ్యలో పెడల్ ధ్వనిని మారుస్తుంది. ఒక పెడల్ గొంతు గరగరలాడినట్టు చేస్తుంది. ఇంకొకటి బావిలో అరిచినట్టు ప్రతిధ్వని ఇస్తుంది. 1962లో అమెరికాలో మాస్ట్రో ఫజ్ టోన్ అనే గరగర పెడల్ అమ్మకానికి వచ్చింది. తరువాత ఇలాంటివి ప్రపంచమంతా పాకాయి.

కొన్ని పెడళ్లకు పక్కన ఒక రంధ్రం ఉంటుంది. అందులో బయటి నుంచి ఇంకో కాలి స్విచ్ తగిలించుకోవచ్చు. ప్రతిధ్వని ఎంత తొందరగా రావాలో ఆ స్విచ్‌ను తాళం వేసినట్టు నొక్కి చెప్పవచ్చు. ఈ స్విచ్ దుకాణంలో దొరుకుతుంది. ఇంట్లోనూ చేసుకోవచ్చు.

స్విచ్ అంటే వంతెన

అశోక్‌నగర్ పక్క నుంచి హుస్సేన్‌సాగర్ నాలా పోతుంది. నాలా మీద వంతెన ఉంటే మనం అటు దాటుతాం. వంతెన లేకపోతే ఆగిపోతాం. స్విచ్ కూడా వంతెన లాంటిదే. నొక్కితే రెండు వైర్లు కలుస్తాయి. కరెంటు దాటుతుంది. వదిలితే వైర్లు విడిపోతాయి. కరెంటు ఆగుతుంది. ఇంతకు మించి స్విచ్‌లో మాయ ఏమీ లేదు.

స్విచ్‌లు రెండు రకాలు.

మొదటిది బెల్లు స్విచ్ లాంటిది. నొక్కినంతసేపే పని చేస్తుంది. వేలు తీస్తే ఆగుతుంది.
రెండోది లైటు స్విచ్ లాంటిది. ఒకసారి నొక్కితే వెలుగుతుంది. మళ్లీ నొక్కితే ఆరుతుంది.

తాళం వేసే పనికి ఎక్కువగా మొదటి రకమే కావాలి. పెడల్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఏ రకం కావాలో రాసి ఉంటుంది. అది చదివాకే కొనాలి.

కావలసిన వస్తువులు

1. కాలితో నొక్కే స్విచ్ ఒకటి. బెల్లు రకం, రెండు కాళ్లది.
2. జాక్ సాకెట్ ఒకటి. పావు అంగుళం సైజు, మోనో రకం.
3. రెండు చివరలా పావు అంగుళం పిన్ను ఉన్న మోనో వైరు ఒకటి.
4. మందమైన అల్యూమినియం పెట్టె ఒకటి. పలుచని డబ్బా కాలి బరువుకు వంగిపోతుంది.
5. సన్న వైరు ముక్కలు రెండు. ఒక్కొక్కటి జానెడు చాలు.
6. సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ.

ఈ వస్తువులు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషన్ నారాయణగూడ. ఆ తరువాతిది సుల్తాన్ బజార్. అక్కడ దిగితే కోఠి పక్కనే. ఈ మెట్రో దారి 2020లో మొదలైంది. పోయే ముందు వస్తువుల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. రెండు మూడు దుకాణాల్లో ధర అడగాలి. పేరు ఎదురుగా ధర రాసి కూడుకోవాలి.

చేసే పద్ధతి

మొదట పెట్టె పై భాగంలో స్విచ్‌కు రంధ్రం చేయాలి. మామూలు కాలి స్విచ్‌కు 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. పక్క గోడలో జాక్‌కు సుమారు 10 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. డ్రిల్లు లేకపోతే వెల్డింగ్ దుకాణంలో చేయించుకోవచ్చు. లోపల స్విచ్, జాక్ ఒకదానికొకటి తగలకూడదు. అందుకని ముందే కొలిచి పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.

తరువాత స్విచ్‌ను, జాక్‌ను రంధ్రాల్లో పెట్టి నట్లు గట్టిగా బిగించాలి. నట్టు వదులైతే జాక్ తిరుగుతుంది. లోపల వైరు తెగుతుంది.

ఇప్పుడు వైర్లు కలపాలి. జాక్‌కు రెండు రేకులు ఉంటాయి. ఒకటి పిన్ను మొనకు తగిలేది. ఇంకొకటి పిన్ను ఒంటికి తగిలేది. మొన రేకు నుంచి ఒక వైరు స్విచ్ ఒక కాలికి పోవాలి. ఒంటి రేకు నుంచి రెండో వైరు స్విచ్ రెండో కాలికి పోవాలి. ఏ వైరు ఏ కాలికి పోయినా ఫరవాలేదు. వంతెన ఎటు నుంచి ఎక్కినా వంతెనే కదా!

సోల్డర్ చేసేటప్పుడు ముందు రేకును, వైరును కలిపి రెండు మూడు సెకన్లు వేడి చేయాలి. అప్పుడు సోల్డర్ తీగను ఆ చోట తాకించాలి. అది కరిగి నెయ్యిలా పాకుతుంది. చల్లారేదాకా వైరును కదిలించకూడదు. కదిలితే అతుకు సరిగా పట్టదు.

సరిగా ఉందా?

పెడల్‌కు తగిలించే ముందు పరీక్ష చేయాలి. రెండు టార్చి సెల్లులు, పాత టార్చిలైటు బల్బు చాలు. సెల్లులను ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. వైరు ఒక చివరను జాక్‌లో పెట్టాలి. రెండో చివర పిన్ను మొనను సెల్లు మీది బొడిపెకు తాకించాలి. పిన్ను ఒంటి నుంచి ఒక వైరు ముక్కను బల్బు అడుగుకు తాకించాలి. బల్బు పక్క నుంచి ఇంకో ముక్కను సెల్లుల అడుగుకు తాకించాలి. ఈ పనికి ఇంకొకరి చేయి సాయం ఉండాలి.

స్విచ్ నొక్కితే బల్బు వెలగాలి. వదిలితే ఆరాలి. నొక్కినా వెలగకపోతే అతుకు పట్టలేదు, లేదా సెల్లు అయిపోయింది. నొక్కకుండానే వెలిగితే లోపల రెండు వైర్లు తగులుకున్నాయి, లేదా స్విచ్ వేరే రకం.

అన్నీ బాగుంటే స్పీకర్ శబ్దం తగ్గించి, స్విచ్‌ను పెడల్‌కు తగిలించాలి. దీన్ని పెడల్‌లోని కాలి స్విచ్ రంధ్రానికే తగిలించాలి. వేరే రంధ్రంలో పెట్టకూడదు.

జాగ్రత్త! జాగ్రత్త!

ఒక దర్జీ తల్లి ఉందనుకుందాం. కొడుకు ఇంట్లో ఈ స్విచ్ చేశాడు. ఆమె చూసి అడిగింది.

"బిడ్డా, నా మిషన్ మోటారుకు కూడా గిట్లనే ఒకటి చేసియ్యరాదు?"

"వద్దమ్మా. గిది తొమ్మిది ఓల్టుల పెడల్‌కు. మోటారుది ఇంటి కరెంటు. షాక్ కొడితే పాణం పోతది."

కొడుకు చెప్పింది నిజం. చాలా పెడళ్లు 9 ఓల్టులతో నడుస్తాయి. మన ఇళ్లలో కరెంటు 230 ఓల్టులు. మన పెట్టె లోహానిది. అందులో ఒంటి రేకు పెట్టెకు తగిలే ఉంటుంది. ఇంటి కరెంటు ఇందులోకి వస్తే పెట్టె మొత్తానికి కరెంటు పాకుతుంది. దాని మీద కాలు పెట్టినవాళ్ల ప్రాణం పోవచ్చు. మిషన్ మోటారుకు దాని కోసమే తయారైన కాలి రెగ్యులేటర్ కొనాలి. తెలిసిన మెకానిక్‌తో పెట్టించాలి. రెండూ కాలితో నొక్కేవే. కానీ రెండూ ఒకటి కావు.

ఇంకా ఇవి గుర్తుంచుకోండి:

సోల్డరింగ్ ఐరన్ మొన నూనె మూకుడు కంటే వేడిగా ఉంటుంది. పిల్లలను దూరంగా ఉంచాలి.
ఐరన్ వైరు తెగి ఉంటే వాడకూడదు.
మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది. సీసం విషం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. కడగకుండా అన్నం ముట్టకూడదు.
కిటికీ తెరిచి పని చేయాలి. పొగ పీల్చకూడదు.
గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఈ పనిలో నేర్చుకున్న అతుకు ఇంకా పనికొస్తుంది. తెగిన మైకు వైరు, టార్చిలైటు వైరు ఇలాగే అతుకుతారు. అయితే ముందు అడగవలసిన మాట ఒక్కటే: "ఇది ఎన్ని ఓల్టులు?" ఆ అంకె వస్తువు మీద రాసి ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లకు ఆ అంకె కనబడుతుంది. ఆ అంకె ప్రాణం కాపాడుతుంది.

జవాబులు రాయండి

1. స్విచ్ నొక్కితే రెండు వైర్లు ఏమవుతాయి?
2. బెల్లు స్విచ్‌కు, లైటు స్విచ్‌కు తేడా ఏమిటి?
3. ఈ స్విచ్‌ను కుట్టు మిషన్ మోటారుకు ఎందుకు వాడకూడదు?

మీరే చేయండి

మీ ఇంట్లో కరెంటుతో నడిచే మూడు వస్తువులు చూడండి. వాటి మీద ఎన్ని ఓల్టులు అని రాసి ఉందో చదవండి. పలక మీద గానీ, నోటు పుస్తకంలో గానీ రాయండి.

ఈ మాటలు చదవండి, రాయండి

స్విచ్, వంతెన, అతుకు, ఓల్టు, జాగ్రత్త, ప్రాణం