నడుము చెడకుండ సేద్యము చేయు విధము

ఎద్దు మెడ కాడిరాపిడికి పుండైనచో రైతు దానిని ఆ దినము నాగలికి కట్టడు. తన నడుము నొచ్చినపుడు మాత్రము తువాల బిగించి పని సాగించును. కరీంనగరపు వరిమళ్లలోను, ఆదిలాబాదు నల్లరేగడి పత్తిచేలలోను మేమిది తరచుగా చూచుచున్నాము. నాట్ల వేళ మంచము పట్టిన రైతునకు కూలి ఖర్చు పెరుగును, అదను తప్పును. కావున నొప్పికి కారణమును, దానిని తప్పించుకొను మార్గమును వివరించెదము.

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలు కలవు. కండరములును సంధిబంధనములును పూసలను పట్టియుంచును. గంటసేపు వంగి నాటువేసినచో ఆ బంధనములు సాగి వదులగును. వెంటనే బస్తా యెత్తినచో బిళ్లలకు హాని కలుగవచ్చును. నిద్రలో బిళ్లలు నీరు పీల్చి యుబ్బును గావున, లేచిన మొదటి గంటలో వంగి బరువెత్తుటయు మంచిది కాదు.

పాటింపవలసిన నియమములివి:

1. ఎండకాలమున పని తగ్గి కండరములు మెత్తబడును. మృగశిర కార్తెలో తొలి వారము పనిని క్రమముగా పెంచవలెను.

2. నాట్లలోను, కలుపులోను అరగంటకొకసారి లేచి, చేతులు నడుముపై నుంచి మెల్లగా అయిదారుసార్లు వెనుకకు వంగవలెను. కొంతసేపు నడచిన పిదపనే బరువు ముట్టవలెను.

3. బస్తా చెంతకు పోయి, మోకాళ్లు వంచి, దానిని కడుపున కానించుకొని కాళ్ల బలముతో లేవవలెను. బరువుతో నడుము మెలిత్రిప్పరాదు. పాదములు కదలించియే తిరుగవలెను.

4. యూరియా బస్తా 2018లో 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినది. అమెరికా దేశపు వృత్తిభద్రతా పరిశోధన సంస్థ 1991లో, అన్నియు అనుకూలించినపుడు సైతము ఒకరెత్తదగిన బరువు 23 కిలోలని నిర్ణయించినది. ఇద్దరు చేరి పట్టినచో ఒక్కొక్కరికి ఇరువదిరెండున్నర కిలోలే పడును.

5. మందుకొట్టు పంపులో 16 లీటర్ల నీరే 16 కిలోలు తూగును. దానిని గట్టుపై నుంచి, రెండు పట్టీలను సమముగా బిగించి వీపున తగిలించుకొనవలెను. పత్తి యేరువారు ఒడి సగము నిండగనే కుమ్మరింపవలెను.

చీలమండ బెణికినచో మొదటి రెండు దినములు నూనె రాచి మర్దింపరాదు. చల్లని తడిగుడ్డ వేసి, కట్టు కట్టి, కాలు ఎత్తున నుంచవలెను. అడుగు మోపలేనిచో ఎక్సురే తీయింపవలెను. నడుము నొప్పికి దినములకొలది పడుకొనుటకంటె మెల్లగా నడచుట మేలు. కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము పట్టు తప్పినను నాటుకట్టు కొరకు పోక, ఆ దినమే ఆసుపత్రికి చేరవలెను.

నాటి కరీంనగరము జిల్లాలో 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార సంఘము, ఒక్క రైతునకు సాధ్యము కానిది పదిమంది చేరిన సాధ్యమగునని నిరూపించినది. బస్తాలు త్రోయు రెండు చక్రముల చేతిబండి ఒక్కనికి భారమైనను సంఘమునకు భారము కాదు. సభ్యులు రానున్న సభలో ఈ ప్రస్తావన తేవలెనని మేము కోరుచున్నాము.