మందు మానినవారికి తోడు కావాలి: ఎ.ఎ. మీటింగుకు మొదటిసారి వెళ్లేవారికి

"సిస్టర్, పది రోజులు మీ వార్డులో ఉన్నాడు, చుక్క ముట్టలేదు. ఇంటికొచ్చిన మూడో రోజే మళ్లీ వైన్స్ షాపు ముందు నిలబడ్డాడు." ఖైరతాబాద్ వైపు నుండి వచ్చే ఒక సోదరి కన్నీళ్లతో ఈ మాట చెప్పింది. ఇలాంటివి మేము చాలా విన్నాము. అందులో మా తప్పు కూడా ఉంది. డిశ్చార్జి చీటీ వెనుక "ఎ.ఎ. మీటింగుకు వెళ్లవలెను" అని రాసి పంపేవాళ్లము. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు అన్నది చెప్పేవాళ్లము కాదు. ఆ చీటీ షర్టు జేబులోనే ఉతుకులో పోయేది.

ఎ.ఎ. అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ దీనిని ప్రారంభించారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే. తాగేవాడి బాధ తాగి మానినవాడికే బాగా తెలుస్తుందన్నది వాళ్లు కనుగొన్న సంగతి. మన దేశంలో 1957లో మొదలైంది. 2020లో 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి పరిశీలించినప్పుడు, పూర్తిగా మానివేసి నిలబడే విషయంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిసార్లు వాటికంటే మెరుగని తేలింది.

అయితే ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేసి నేరుగా మీటింగుకు వెళ్లకూడదు. మానిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం జరిగితే అది ప్రాణాపాయమే. కల్తీ కల్లు అలవాటైనవారికి కూడా ఇంతే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు తెలంగాణ జిల్లాలలో ఎంతోమంది పిచ్చెత్తినట్టు ఆస్పత్రులకు వచ్చారు. కాబట్టి ముందు డాక్టరు, తరువాత మీటింగు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చికిత్స ఉంది. నాంపల్లిలోనో ఖైరతాబాద్‌లోనో మెట్రో ఎక్కితే అదే లైనులో ఎర్రగడ్డ స్టేషను. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కూడా సలహా అడగవచ్చు.

మరొక మాట. తాగుడు మాన్పించే బిళ్లలను కూరలో కలిపి తెలియకుండా పెట్టే తల్లులు, భార్యలు ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు. ఆ బిళ్ల కడుపులో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి మనిషే పోవచ్చు. ఆ మందు వాడేవారు పాస్టరు గారితో ముందుగా చెప్పి, ప్రభు బల్లలో ద్రాక్షారసానికి బదులు పులియనిది అడగాలి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. టానిక్కులు, దగ్గు సిరప్పుల సీసా మీద కూడా చూసుకోండి.

ఇక మీటింగు సంగతి. ఇది ఎక్కువగా సాయంత్రాలు చర్చి గదుల్లోనో, స్కూలు గదుల్లోనో జరుగుతుంది. చర్చిలో జరిగినా అది చర్చి కార్యక్రమం కాదు, ఏ మతంవారైనా రావచ్చు. ఎ.ఎ. భారత విభాగం వెబ్‌సైటులో మన ఊరి పేరుతో వెతికి నంబరు తీసుకోండి. ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: ఏ రోజు, ఏ భాషలో, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా? ఓపెన్‌కు ఇంటివాళ్లు కూడా వెళ్లవచ్చు. క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. ఇప్పుడు మేము డిశ్చార్జికి ముందే రోగి చేతనే ఈ ఫోన్ చేయిస్తున్నాము. అవతలి నుండి "నేనూ తాగేవాణ్ణే, రండి అన్నా" అన్న మాట వినగానే కొందరి ముఖం మారిపోవడం మేము చూశాము.

ఫీజు లేదు, రిజిస్టరు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. పేరు చెప్పాలనుకుంటే ఒక్క పేరే, ఇంటిపేరు అక్కరలేదు. మాట్లాడకుండా కూర్చోవచ్చు. చివరలో డబ్బా తిప్పుతారు, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా తెలిసినవాళ్లు కనబడతారేమోనని భయపడే వారికి మేము చెప్పేదేమంటే, ఆబిడ్స్‌లో ఉండేవారు సికింద్రాబాద్ గ్రూపుకు వెళ్లండి. అయినా అక్కడ కనబడినవాడు కూడా మీలాంటివాడే కదా! ఒక గ్రూపు నచ్చకపోతే మరొకటి చూడండి. ఒక్కసారి వెళ్లి "లాభం లేదు" అనడం, ఒక్క బిళ్ల మింగి జ్వరం తగ్గలేదన్నట్టే.

"ప్రార్థన చాలదా సిస్టర్?" అని సంఘంలో అడుగుతారు. షుగరుకు ఇన్సులిన్ వేయించుకుంటూ ప్రార్థన చేస్తాము కదా. ఇదీ అంతే.

భార్యలకు, తల్లులకు అల్-అనాన్ అనే కుటుంబ గ్రూపులు 1951 నుండి ఉన్నాయి. ఆయన రానన్నా మీరు వెళ్లవచ్చు.

మొదటి సాయంత్రం వైన్స్ షాపు లేని దారిన తీసుకొని వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే దారి. ఇంటికి రాగానే వేడి అన్నం పెట్టండి. అక్కడ ఎవరేం చెప్పారని మాత్రం అడగవద్దు.