తల్లికి మంచం వేయించు

చిన్నమ్ములూ,

నీ ఉత్తరం అందింది. థీసిస్‌కి నెలలు నిండని బిడ్డల పాల విషయమే తీసుకున్నావని చదివి ఎంత పొంగిపోయానో. రెండో పేజీకి వచ్చేసరికి మనసు చివుక్కుమంది. "ఇక్కడి తల్లులకు శ్రద్ధ లేదు పెద్దమ్మా, పాలు పిండి పంపమంటే రెండ్రోజులు పంపి మానేస్తారు, ఆఖరికి డబ్బాపాలే గతి" అని రాశావు. ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. పగలంతా డ్యూటీ, రాత్రంతా చదువు, విసుగులో రాసి ఉంటావు. వేళకు తింటున్నావా? మీ అమ్మ పంపిన సున్నుండలన్నీ హాస్టల్లో పంచిపెట్టేస్తున్నావట. నువ్వూ తిను తల్లీ.

శ్రద్ధ లేదన్న ఆ తల్లులు పడుకునేది ఎక్కడో ఒకసారి వెళ్లి చూశావా? నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో బాలింతల వార్డు మేడమీద, బిడ్డల గది కింద. ఆపరేషనయిన మర్నాడే ఓ పిల్ల ఒక చేత్తో కుట్లు అదుముకుని, ఇంకో చేతిలో స్టీలు గ్లాసు మీద పైటకొంగు కప్పుకుని మెట్లు దిగింది. గ్లాసు అడుగున పసుపుపచ్చగా, జిగటగా నాలుగు చుక్కల ముర్రుపాలు. సిరంజిలోకి లాగితే ఒక మిల్లీలీటరు రాలేదు, సగం గ్లాసుకే అంటుకుపోయింది. గుమ్మం దగ్గరే గ్లాసు అందుకుని "ఇక వెళ్లమ్మా" అన్నారు. బిడ్డ మొహం చూడనివ్వని చోట పాలు చేపుకొస్తాయా? మూడో రోజుకి గ్లాసు ఖాళీ. కేసు షీట్లో "తల్లికి పాలు లేవు" అని రాశారు. మెట్ల సంగతి ఎవరూ రాయలేదు.

డబ్బాపాలే గతి అనడం ఎంత తేలికో! 1990లో ఇంగ్లండులో ల్యూకస్, కోల్ అనే ఇద్దరు 926 మంది నెలలు నిండని బిడ్డల లెక్కలు తీసి, ఒట్టి డబ్బాపాల మీద ఉన్నవాళ్లకు పేగు కుళ్లే జబ్బు ఒట్టి తల్లిపాల మీద ఉన్నవాళ్లకన్నా ఆరు నుంచి పది రెట్లు ఎక్కువని చూపించారు. అంతకు ఏడాది ముందే ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ దేశంలో తొలి తల్లిపాల బ్యాంకు పెట్టారు. మన నిలోఫర్ ఆస్పత్రిలో "ధాత్రి" పాల బ్యాంకు 2017లో వచ్చింది. దాతల పాలు ఎందరు బిడ్డల్నో ఆదుకుంటాయి, కాదనను. కానీ 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచేసరికి వాటిలోని జీవకణాలు చచ్చిపోతాయి, కొవ్వును అరిగించే ఎంజైమూ పోతుంది. పైగా ఆ పాలిచ్చేది ఎక్కువగా నెలలు నిండి కన్నవాళ్లు. ముందే కన్న తల్లి పాలల్లో తొలి వారాల్లో మాంసకృత్తులు ఎక్కువ. ఆ బిడ్డకు కావలసింది ఆ తల్లి దగ్గరే ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బిడ్డల్ని దూదిలో చుట్టి, పైన బల్బు వెలిగించి ఉంచేవాళ్లం. లంక ఊరినుంచి ఓ అవ్వ వెండి ఉగ్గుగిన్నె ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది, మనవరాలికి పాలు అందులోనే పట్టాలని. మా హెడ్ సిస్టర్ మలయాళీ. మహా కచ్చితం మనిషి. గిన్నె తిప్పి చూసి, మరిగించి తెమ్మంది. గిన్నె ముక్కు బిడ్డ పెదవికి ఆనించి కాస్త వంచితే ఆ పిడికెడు బిడ్డ నాలుక చాపి, ఆగి, ఊపిరి తీసుకుని గుటక వేసింది. ఇది చెప్పడానికి కాదు మొదలుపెట్టింది. సిస్టర్ ఆ తల్లికి బిడ్డ పక్కనే చాప వేయించింది. ఇంటికి వెళ్లేదాకా ఆవిడ పాలకు లోటు రాలేదు.

తల్లీబిడ్డల్ని కలిపి ఉంచాలనడానికి ఇప్పుడు రుజువూ ఉంది కదమ్మా. బొగోటాలో 1978లో ఎడ్గార్ రే, ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి గుండెకు కట్టడం మొదలుపెట్టారు. 2021లో వచ్చిన పరిశోధన మన దేశం, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆస్పత్రులది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు బిడ్డల్ని పుట్టగానే తల్లి గుండెకు చేర్చి, రోజుకు సుమారు 17 గంటలు అలాగే ఉంచారు. బిడ్డ కుదుటపడ్డాకే తల్లికిచ్చిన వైపు తొలి 28 రోజుల్లో నూటికి 15.7 మంది పోతే, ఇటువైపు 12 మంది. తేడా తేలిపోవడంతో పరిశోధన ముందే ఆపేశారు. ఇందుకోసం వాళ్లు బిడ్డల గదిలోకే తల్లుల మంచాలు తెచ్చారు. మంచాలమ్మా, మంచాలు!

నీ ప్రొఫార్మాలో బిడ్డ బరువుకి గడి ఉంటుంది, పాల మిల్లీలీటర్లకు గడి ఉంటుంది. తల్లికీ గడులు పెట్టు. రాత్రి ఎక్కడ పడుకుంది, ఎంత దూరం నడిచొచ్చింది, ఈ పూట ఏం తింది, కాన్పయిన ఎన్ని గంటలకు తొలిసారి పాలు పిండింది, పక్కన కూర్చుని చూపించింది ఎవరు. రోజుకు ఎనిమిది సార్లు, అర్ధరాత్రి కూడా పిండమని చెబుతాం. పథ్యమని కారప్పొడి మెతుకులే పెట్టి, నీళ్లు తాగితే పొట్ట వస్తుందని దాహం కూడా తీరనివ్వని ఇంటి పిల్ల ఒక్కతే లేచి ఎలా పిండుతుంది?

మీ ప్రొఫెసరుగారి దగ్గర మంచాల మాట ఎత్తు. ఆరు కుదరకపోతే రెండు. అవీ కాదంటే వెనక్కి వాలే కుర్చీలైనా అడుగు. గట్టిగా అడుగు, నీకు భయమెందుకు, తొమ్మిదో నెల నిండకుండా పుట్టి మా అందరి ఒళ్లోనూ పెరిగినదానివి.

ఎథిక్స్ కమిటీకి కాగితాలు ఇంకా ఇవ్వలేదన్నావు కదా. ముందు నాకు పంపు. తల్లుల్ని అడిగే ప్రశ్నలు మన ఊళ్ల ఆడవాళ్లకు అర్థమయ్యే మాటల్లో నేను రాసిస్తాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ