పురుషోత్తమ చౌదరి గారు – నేర్చుకొన్న భాషలో పాడిన భక్తుడు

చదువవలసిన వాక్యభాగము: కొలస్సయులకు 3:12–17



తిరుత్తణిలో మా ఇంటి ప్రార్థన కూటములో ఒక సాయంత్రము మా మనుమరాలిని పాట ఎత్తుకోమన్నాను. ఆ బిడ్డ నోటు పుస్తకము తెరిచింది. తెలుగు కీర్తనను తమిళ అక్షరాలలో వ్రాసుకొన్నది. తమిళములో క, గ లకు ఒకటే అక్షరము గనుక "గానము" అనవలసిన చోట "కానము" అని పాడింది. పాట అనవలసిన మాట "చూడలేము" అని మారిపోయింది. పిల్లలెవరూ నవ్వలేదు, తేడా వారికి తెలియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు బిడ్డది కాదు, అక్షరము నేర్పని నాది. ఇతరుల పిల్లలకు ఎన్నో ఏండ్లు పాఠాలు చెప్పినవాడను నేను.

అందుచేత ఈ నెల పాఠమునకు పురుషోత్తమ చౌదరి గారి జీవితమును తీసుకొన్నాను.

1. ఆయన జీవితము

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతములోని మదనపురములో బ్రాహ్మణ కుటుంబములో జన్మించారు. వారి పూర్వులు వంగదేశమువారు, చుట్టూ ఉన్నది ఒరియా దేశము. ఇంటి భాష తెలుగు కాదు, తెలుగు ఆయన నేర్చుకొన్న భాష. క్రైస్తవ కరపత్రముల ద్వారా సువార్త ఆయనకు చేరింది. 1833లో కటకములో బాప్తిస్టు మిషనరీల వద్ద బాప్తిస్మము పొందారు. తరువాత సువార్తికునిగా, కాపరిగా సేవచేసి 1890లో ప్రభువునందు నిద్రించారు.

ఒక సంగతి గమనించండి. తెలుగువారి కొరకు వచ్చిన డే దొరగారు ఇండియాలో అడుగుపెట్టినది 1836లో, నెల్లూరు చేరినది 1840లో. అంతకు ముందే ఈ కీర్తనకారుని దేవుడు పిలిచాడు.

2. ఆయన విశ్వాసము

ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుటంటే బంధువర్గమును, కులగౌరవమును పోగొట్టుకొనుటయే. అయితే తాను నేర్చిన సంగీతమును, కవిత్వమును ఆయన పారవేయలేదు. వాటిని తెచ్చి క్రీస్తు పాదముల యొద్ద పెట్టారు. పల్లవి, చరణము, రాగము, తాళము అన్నీ మన దేశపువే, పాడబడిన ప్రభువు సర్వలోకమునకు ప్రభువు. ఇతరుల పాపమును ఎత్తిచూపే బోధకునిగా కాక, కనికరము వేడుకొనే పాపిగా ఆయన తన కీర్తనలలో నిలబడతారు. అందుకే ఆ పాటలు మన ప్రార్థనలైనవి.

3. పాట చేసిన మేలు

ఆయన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో వాటిని లూథరన్లు, సి.ఎస్.ఐ.వారు, బాప్తిస్టులు అందరూ పాడుకొంటారు. అక్షరము రాని మన తాతలు, అవ్వలు పల్లవిని మళ్లీ మళ్లీ విని, నోటికి పట్టి, సిలువను గూర్చియు మారుమనస్సును గూర్చియు నేర్చుకొన్నారు. చదువురాని సంఘమునకు పాటయే పాఠ్యపుస్తకము.

4. మనకు పాఠము

1960 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. మనలో కొందరు ఇక్కడివారే, కొందరు పనికొరకు తిరువళ్లూరు వచ్చి స్థిరపడినవారు. బిడ్డలు బడిలో తమిళము చదువుట మంచిదే. తంజావూరు వేదనాయగ శాస్త్రిగారు (1774–1864) తమిళములో చేసిన సేవ చౌదరి గారు తెలుగులో చేసినదే. మన బిడ్డలు రెండింటికీ వారసులు కావచ్చును. ఇంటి భాష కాని తెలుగును చౌదరి గారు నేర్చి, అందులో ప్రభువును స్తుతించగా, ఇంటి భాషయైన తెలుగును మన బిడ్డలు నేర్వలేరా?

ఉపాధ్యాయునిగా నేనెరిగిన పద్ధతి ఇది: మొదట వినిపించండి, తరువాత పలికించండి, చివరకు వ్రాయించండి. నెలకు ఒక్క కీర్తన చాలును. ఆదివారము భోజనమైన తరువాత పావుగంట కూర్చోండి. ప్రతి మాటకు అర్థము చెప్పండి. అర్థము తెలియని పాట పెదవులపైనే నిలిచిపోతుంది.

మా మనుమరాలు ఇప్పుడు "గ" వ్రాస్తున్నది. వంకరగానే ఉన్నది, అయినా "గ" యే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. క్రీస్తు కొరకు చౌదరి గారు ఏమి విడిచారు? ఏమి వెంట తెచ్చారు?
2. మీ ఇంట పుస్తకము లేకుండా పాడగల కీర్తనలెన్ని? వాటిని ఎరిగినవారి వయస్సెంత?
3. ఈ నెల మీ బిడ్డకు ఏ కీర్తన నేర్పుతారు?

ప్రభువు మీ ఇంటి పాటను దీవించును గాక. ఆమేన్.