గాలము మోయు చేప
(పాఠ భాగములు: కీర్తన 104:24–28, యాకోబు 1:13–15)



మన మెదకు ప్రాంతమునకు సముద్రము దూరము. మంజీరలోను పోచారము చెరువులోను దొరకు కొఱ్ఱమట్టను, వాలుగను ఎరుగుదుము గాని, బంగాళాఖాతపు అడుగున నివసించు కప్పచేపను చూచినవారు మనలో అరుదు. అయినను గాలమన్నది తెలియని పిల్లవాడు మన పల్లెలలో లేడు గనుక ఈ పాఠము కష్టము కాదు.

ఈ చేప జానెడు మించి పెరుగదు. చూపునకు చేపవలె గాక, నాచు పట్టిన రాతివలె ఉండును. పొలుసులకు బదులు చర్మమంతయు సన్నని ముండ్లు. రొమ్ము రెక్కలు కాళ్లవలె వంగియుండుటచేత అడుగున ఇసుకమీద నడచును. ఈదుటలో మహా సోమరి. వెన్నురెక్కలోని మొదటి ముల్లు నెత్తిమీద గాలపుకఱ్ఱవలె నిలిచి, దాని కొనను మెత్తని పోగుల గుత్తి ఒకటి వ్రేలాడును. చేప కదలక కూర్చుండి ఆ గుత్తిని మాత్రము ఆడించును. పురుగనుకొని చిన్నచేప దగ్గరకు వచ్చును. అంతే! మ్రింగుటకు సెకండులో నూరవ వంతు కూడ పట్టదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. తనయంత చేపనైనను మ్రింగగలదు. ఎరను ఏ చేపయైన కొరికివేసినయెడల అది మరల మొలచును.

దీని శాస్త్రనామము ఆంటెన్నేరియస్ హిస్పిడస్. హిస్పిడస్ అనగా లాటినులో గరుకు వెండ్రుకలు గలది. బెర్లిను వైద్యుడైన బ్లాక్ 1799లో మరణించగా, ఆయన గ్రంథమును ష్నైడరు 1801లో ముద్రింపించెను. దీని స్థలము కోరమాండల్ తీరమని అందులో ఉన్నది. 1771లో తరంగంబాడికి వచ్చి 1813లో అక్కడనే కన్నుమూసిన మిషనరీ జాన్ అయ్యగారు బ్లాకుగారికి అనేకమైన చేపలను పంపెను. సువార్తికునికి చేపలతో పనియేమి అనువారు 1 రాజులు 4:33 చదువుడి. సొలొమోను చేపలనుగూర్చియు మాటలాడెను.

మోసముచేత బ్రదుకు జీవిని దేవుడేల చేసెను? సండేస్కూలు పిల్లలు అడుగు ప్రశ్న ఇది. ఈ చేపను సాతానుతో పోల్చి ప్రసంగించుట సులభమే గాని నాకది రుచింపదు. సముద్రములోని జీవులు తమ ఆహారము కొరకు దేవునివైపే చూచునని కీర్తన చెప్పుచున్నది. ఇదియు వాటిలో ఒకటి.

యాకోబు 14వ వచనములో వాడిన గ్రీకు మాట ‘దెలెయాజో’. అది ఎర అను మాటనుండి పుట్టినది. అక్కడ అపొస్తలుడు ఎర వేసినవానిని గూర్చి గాక, ఈడ్వబడినవాని దురాశను గూర్చియే మాటలాడుచున్నాడు. అయితే ఈ వచనము పట్టుకొని, గల్ఫు ఏజెంటు చేత మోసపోయిన ఇంటివారిని నిందింపరాదు. ఆకలిగొన్న చేప పురుగును వెదకుట దురాశయా? బోరు ఎండి, అప్పు మీదబడి, పొలము కుదువబెట్టి బయలుదేరినవాని ఆకలి వేరు. పాపమును కోరి పోవువాని ఆశ వేరు. యాకోబు చెప్పినది ఈ రెండవవానిని గూర్చి.

మొదటివానికి కావలసినది గద్దింపు కాదు, సమాచారము. 1983 నాటి వలస చట్టము ప్రకారము విదేశపు పనికి మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద రిజిస్టరు చేయించుకొనవలెను. పైకము చేతిలో పెట్టక మునుపే ఆ నెంబరు అడిగి వ్రాసికొనుడి.