బహిష్టు కాలపు పరిశుభ్రత – పంచాయతీల కర్తవ్యము

పంచాయతీ సమావేశములలో మంచినీరు, బాటలు, వీధి దీపములు తప్పక చర్చకు వచ్చును. గ్రామములోని స్త్రీలకు నెలనెలా కలుగు ఒక అవసరము మాత్రము సాధారణముగా ప్రస్తావనకు రాదు. బహిష్టు సమయమున వారికి శుభ్రమైన గుడ్డలు లేక ప్యాడ్లు, నీరు, మరుగైన చోటు కావలెను. ఇవి లేనిచోట బాలికలు ఆ దినములలో బడి మానుదురు. సరిగా ఆరని గుడ్డలను వాడినవారికి దురద, అంటురోగములు కలుగవచ్చును. కావున ఇది సిగ్గుపడి దాచవలసిన విషయము కాదు. గ్రామ ప్రణాళికలో చేర్చవలసిన విషయము.

ధర తగ్గించుటకు జరిగిన కృషి

2011లో కేంద్ర ఆరోగ్య శాఖ గ్రామీణ బాలికల కొరకు ఒక పథకము ప్రారంభించినది. 6 ప్యాడ్ల పొట్లమును 6 రూపాయలకు ఆశా కార్యకర్తలు ఇంటింటికి అందించిరి.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలునకు వచ్చినపుడు ప్యాడ్లపై 12 శాతము పన్ను పడినది. దేశమంతట నిరసన రాగా, 2018 జూలైలో దానిని రద్దుచేసిరి. అయితే ముడి సరుకుపై చెల్లించిన పన్నును తయారీదారులు తిరిగి పొందజాలరు. కనుక పన్ను పోయినంత మాత్రమున ధర అంతమేరకు తగ్గదు.

అంతకంటె ఎక్కువ మేలు జనౌషధి కేంద్రముల వలన కలిగినది. అచ్చట 2018లో రెండున్నర రూపాయలున్న ప్యాడు, 2019 ఆగస్టు 27 నుండి ఒక్క రూపాయికే లభించుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 5న ప్రారంభించిన ‘స్వేచ్ఛ’ కార్యక్రమము క్రింద, ప్రభుత్వ పాఠశాలలలో 7 నుండి 12 తరగతుల బాలికలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితముగా ఈయ సంకల్పించిరి. స్కాట్లండు దేశమున 2022 నుండి, కావలసినవారందరికి వీనిని ఉచితముగా లభింపజేయుట చట్టరీత్యా బాధ్యతయైనది.

ధర తగ్గినను దూరము తగ్గలేదు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 24 ఏండ్ల స్త్రీలలో పరిశుభ్రమైన సాధనములు వాడువారు పట్టణములలో నూటికి సుమారు 90 మంది, గ్రామములలో సుమారు 72 మంది.

మహబూబాబాదు జిల్లాలోని పెద్దవంగర 2016లో మండల కేంద్రమైనది. ఇట్టి మండలములోని శివారు పల్లెలను తలపోయుడు. జనౌషధి కేంద్రములు సాధారణముగా పట్టణములలో నుండును. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు బస్సులలో టికెట్టు లేదు. అయినను 10 రూపాయల సరుకు కొరకు పట్నము పోయిన కూలి స్త్రీకి ఒక పూట కూలి నష్టమగును. ఊరి దుకాణములో ప్యాడు 5 రూపాయలనుకొన్నచో, నెలకు 10 చొప్పున ఒకరికి ఏడాదికి 600 రూపాయలు. తల్లికి, ఇద్దరు కుమార్తెలకు 1800 రూపాయలు. రూపాయి ధరకు దొరికినచో ఆ ఇంటికి 360 రూపాయలతో సరిపోవును.

పంచాయతీ చేయదగినది

ఒకటి: నూరుమంది స్త్రీలకు నెలకు వలయు సరుకు విలువ వేయి రూపాయలు మాత్రమే. మహిళా సంఘము దానిని ఒక్కమారు తెచ్చి అసలు ధరకు అమ్మినచో, ఆ సొమ్మే తిరిగి వచ్చి మరుసటి నెలకు పనికివచ్చును.

రెండు: పాఠశాల మరుగుదొడ్డికి నీరు, తలుపునకు గడియ, మూతగల బుట్ట ఉన్నవో లేవో సభ్యులు స్వయముగా చూడవలెను.

మూడు: వాడిన ప్యాడ్లను కాగితములో చుట్టి విడిగా ఇచ్చునట్లు బోధించి, పంచాయతీ ట్రాక్టరు ద్వారా సేకరింపవలెను. చెరువులలో, మరుగుదొడ్లలో వేయరాదు, బహిరంగముగా కాల్చరాదు.

నాలుగు: గుడ్డలు వాడువారు వానిని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయవలెనని ఆశా కార్యకర్తల ద్వారా తెలుపవలెను.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో ప్యాడు ధర ఎంత? రూపాయి ప్యాడు ఎంత దూరమున దొరకును?
2. తొలి నెల సరుకునకు వేయి రూపాయలు ఎవరు సమకూర్చవలెను?
3. ఈ విషయమును గ్రామసభలో ప్రస్తావించుటకు ఏ మహిళా సభ్యురాలు ముందుకు వచ్చును? ఆమెకు తోడుగా ఎవరు నిలుతురు?